పికోస్ దె యూరోపాలో నాలుగు రాత్రులు: బస ఒక్కచోటే, ప్లాన్ మాత్రం మబ్బును బట్టి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సెప్టెంబరు చివరి వారంలో మ్యూనిక్ నుంచి బిల్బావోకు విమానంలో వచ్చి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, ఉత్తర స్పెయిన్‌లోని పికోస్ దె యూరోపా కొండల్లో నాలుగు రాత్రులు గడపాలనుకుంటున్నారు. మీరిద్దరూ బాగా నడుస్తారు. విజయవాడ నుంచి వచ్చిన అత్తయ్యగారికి, మామయ్యగారికి అరవై దాటాయి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారం. మీ ప్లాన్‌లో కోవదోంగా సరస్సులు, కారెస్ గండి నడక, ఫ్వెంతె దే రోప్‌వే, పోతెస్ ఊరు, పాత చర్చిలు ఉన్నాయి, రోజుకో చోట బస. వీటిలో ఏది తీసేయాలన్నది మీ ప్రశ్న.

ముందుగా తీసేయాల్సింది రోజుకో బస. నాలుగు రాత్రులూ పోతెస్‌లోనే ఉండండి. రెండోది, ఏ రోజు ఏం చూడాలో ఇప్పుడే రాసిపెట్టుకోకండి. ఆకాశం బాగున్న పొద్దున కొండ మీదికి వెళ్లాలి, మబ్బు దిగిన రోజున చర్చిలు చూడాలి. ఈ ప్రాంతానికి వచ్చి నిరాశపడేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు తేదీల వారీగా టికెట్లు, గదులు కట్టేసుకోవడం. కొండ మీదికి వెళ్లాల్సిన రోజున మబ్బులో నిలబడతారు, మరుసటి రోజు ఎండ కాస్తుంటే కారులో ఊరు మారుతుంటారు.

బస మార్చొద్దనడానికి కారణం మ్యాప్‌లోనే ఉంది. పికోస్ అంటే మూడు సున్నపురాయి కొండల గుంపులు. వాటి మధ్య నదులు లోతుగా కోసేశాయి. మామూలు కారు ఆ గుంపులను అడ్డంగా దాటే రోడ్డు లేదు. ఫ్వెంతె దే నుంచి కారెస్ నడక మొదలయ్యే పోన్సెబోస్‌కు గీత గీస్తే 13 కిలోమీటర్లు. రోడ్డు మీద మాత్రం పోతెస్, పానెస్, అరేనాస్ దె కబ్రాలెస్ చుట్టి దాదాపు 80 కిలోమీటర్లు, అదీ మలుపుల రోడ్డు. కోవదోంగా ఇంకా అవతల. పోతెస్ నుంచి కాంగాస్ దె ఒనీస్‌కు సుమారు 80 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్లీ సరస్సుల దాకా కొండ ఎక్కాలి. రద్దీ రోజుల్లో ఆ పై రోడ్డు మీద సొంత కార్లను ఆపేసి బస్సుల్లోనే పంపుతారు. రెండు చిన్న సరస్సుల కోసం ఒక రోజంతా పోతుంది, మబ్బు వస్తే ఆ రెండూ కనపడవు. కోవదోంగా చరిత్ర చిన్నదేమీ కాదు. 722 ప్రాంతంలో ముస్లిం సేనల మీద అస్తూరియాస్ నాయకుడు పెలాయో గెలిచాడని చెప్పే యుద్ధం జరిగింది అక్కడే. 1918లో స్పెయిన్ తొలి జాతీయ పార్కుగా ప్రకటించింది ఆ కొండనే, 1995లో దాన్నే మొత్తం పికోస్‌కు విస్తరించారు. అంత విషయమున్న చోటును హడావుడిగా చూడకూడదు. ఈసారికి వదిలేయండి, మరోసారి దానికోసమే రండి.

పోతెస్ ఉన్న లోయ పేరు లియేబానా. సముద్రం నుంచి వచ్చే తేమను చుట్టూ ఉన్న కొండలు అడ్డుకుంటాయి కాబట్టి, తడిసి ముద్దయ్యే ఉత్తర స్పెయిన్‌లో ఈ లోయ మాత్రం పొడిగా, వెచ్చగా ఉంటుంది. కార్క్ ఓక్ చెట్లు, ద్రాక్ష, అక్కడక్కడ ఆలివ్ కూడా కనిపిస్తాయి. బస ఇక్కడే పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం. పైన వాన పడుతున్నా కింద ఊళ్లో నడిచి తిరగడానికి వీలవుతుంది.

ఇప్పుడు మబ్బు సంగతి. శిఖరాలకు సముద్రం ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉత్తరం, వాయవ్యం నుంచి గాలి వీస్తే ఆ తేమ కొండను ఎగబాకి మబ్బుగా మారుతుంది. ఒక్కోసారి ఆ మబ్బు సగం ఎత్తులోనే ఆగుతుంది. అలాంటి రోజున కింద స్టేషన్‌లో ఏమీ కనపడదు, రోప్‌వే పైన దిగేసరికి నెత్తిన నీలాకాశం, కాళ్ల కింద మబ్బుల సముద్రం ఉంటాయి. అందుకే కింద చీకటిగా ఉందని వెనుదిరగకూడదు, పైన వెబ్‌క్యామ్ చూడాలి. దక్షిణ గాలి వీచే రోజున ఆకాశం అద్దంలా ఉంటుంది. కానీ ఆ గాలి ఈదురుగా కొడితే రోప్‌వే ఆపేస్తారు, శరదృతువులో ఇది తరచూ జరుగుతుంది. అంటే ఎండ ఉన్నంత మాత్రాన రోప్‌వే నడుస్తుందని అనుకోవద్దు.

రోజూ చేయాల్సింది ఇంతే. ముందు రోజు సాయంత్రం స్పెయిన్ వాతావరణ శాఖ ఏమెత్ సైట్‌లో పికోస్ దె యూరోపాకు విడిగా ఇచ్చే పర్వత బులెటిన్ తెరవండి. అందులో మూడు చూడండి: మబ్బు, గాలి విసురు (రాచాస్ అని రాస్తారు), సున్నా డిగ్రీల ఎత్తు, అంటే ఉష్ణోగ్రత సున్నాకు పడే ఎత్తు (ఇసోతెర్మా సెరో). పొద్దున వెలుగు రాగానే పై స్టేషన్ వెబ్‌క్యామ్ చూసి అప్పుడు నిర్ణయించుకోండి. నాలుగు రోజుల్లో ఒక్క మంచి పొద్దున చాలు.

ఆ పొద్దున ఫ్వెంతె దేకు వెళ్లండి. పోతెస్ నుంచి 23 కిలోమీటర్లు, అరగంట పైచిలుకు. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. ఎదురుగా హిమానీనదం తొలిచిన రాతి గోడ అర్ధచంద్రాకారంలో నిలబడి ఉంటుంది, దేవా నది పుట్టేది దాని పాదం దగ్గరే. 1966లో మొదలైన రోప్‌వే 1,070 మీటర్ల నుంచి 1,823 మీటర్లకు, అంటే 753 మీటర్లు, నాలుగు నిమిషాల లోపే ఎక్కిస్తుంది. మధ్యలో స్తంభం ఒక్కటీ లేదు. ఒక పెట్టెలో ఇరవై మంది పడతారు, అందుకే క్యూ మెల్లగా కదులుతుంది. ఆగస్టులో రెండు గంటలకు పైగా నిలబడాల్సి వస్తుంది. సెప్టెంబరు చివర అంత ఉండదు గానీ, శనివారం, ఆదివారం మానుకుని మామూలు రోజున మొదటి పెట్టెలకే చేరుకోండి. వెబ్‌క్యామ్ చూశాక ఆన్‌లైన్‌లో సమయం దొరికితే అప్పుడే కొనండి. వారం ముందే కొనేస్తే మబ్బుతో పందెం కాసినట్టే. చివరి పెట్టె ఎన్నింటికో కింద బోర్డు మీద రాసి ఉంటుంది, ఎక్కే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అది తప్పితే కాలినడకన దిగడం తప్ప దారి లేదు.

పోతెస్ దాదాపు 290 మీటర్ల ఎత్తున ఉంది. పై స్టేషన్‌కు తేడా 1,500 మీటర్లు. నూరు మీటర్లకు 0.6 డిగ్రీల లెక్కన పైన తొమ్మిది పది డిగ్రీలు తక్కువ, గాలి చలి అదనం. కింద చొక్కాతో తిరిగిన మామయ్యగారికి పైన స్వెటర్, గాలి ఆపే జాకెట్, చెవులు కప్పే టోపీ కావాలి. అత్తయ్యగారు చీర కట్టుకుంటే పెట్టె దిగగానే గాలికి కొంగు సర్దుకోవడమే సరిపోతుంది, ఆ ఒక్క రోజుకు ప్యాంటూ బూట్లూ మేలు. దిగే చోట వేలాడే జాలీ వేదిక ఉంది, కాళ్ల కింద లోయ కనిపిస్తుంది. కళ్లు తిరిగేవాళ్లు పక్కనున్న గట్టి నేల మీంచే చూడొచ్చు, దృశ్యంలో తేడా ఏమీ లేదు.

పెద్దవాళ్లకు ఇక్కడి నుంచి ఒర్కదీనా దె కొవర్రోబ్రెస్ అనే కనుమ దాకా నడక సరిపోతుంది. వెడల్పాటి మట్టి బాట, సుమారు 2 కిలోమీటర్లు, వంద మీటర్ల ఎక్కుడు. మెల్లగా వెళ్తే గంట. ఆ బాట విహారం కోసం వేసింది కాదు, గనుల కోసం వేసింది. 19వ శతాబ్దం మధ్య నుంచి 1989 దాకా ఈ ఆలివా పచ్చిక మైదానాల్లో జింకు ఖనిజం తవ్వారు. స్ఫాలరైట్ అనే ఆ ఖనిజం ఇక్కడ మామూలుగా దొరికే నల్లటి రాయి కాదు. ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తేనె సీసాలోంచి ఎండ చూసినట్టు ఉంటుంది, పంచదార పాకం రంగు, లోపలి పగుళ్లు కూడా కనిపిస్తాయి. ప్రపంచంలోని ఖనిజ మ్యూజియాల్లో ఆలివా పేరుతో ఉన్న రాళ్లు ఇవే. బాట పక్క గని కుప్పల్లో ముక్కలు మెరుస్తాయి గానీ ఏరుకోకూడదు, జాతీయ పార్కు కాబట్టి రాయి తీసుకెళ్లడం నిషేధం. పాత గని సొరంగాల్లోకి దూరొద్దు.

ఆ కనుమ దగ్గర దారి చీలుతుంది. పెద్దవాళ్లు అక్కడి నుంచి వెనక్కు వచ్చి రోప్‌వేలోనే దిగాలి. మీకు రెండు దారులున్నాయి.

మొదటిది ఆలివా మీదుగా ఫ్వెంతె దేకు దిగడం. సుమారు 14 కిలోమీటర్లు, నాలుగు నుంచి నాలుగున్నర గంటలు. దారిలో గని కంపెనీ 1912లో రాజు పదమూడో అల్ఫోన్సో వేట విడిది కోసం కట్టిన షాలే రెయాల్, ఆలివా హోటల్, ఆరోగ్యమాత గుడి వస్తాయి. ఈ గుడికి జులై 2న తిరునాళ్ల జరుగుతుంది. చూడటానికి దిగుడు దారే అయినా 800 మీటర్లకు పైగా దిగాలి. మోకాళ్లను దెబ్బతీసేది ఎక్కుడు కాదు, ఇలాంటి దిగుడే. "దిగడమే కదా" అని అత్తయ్యగారిని తీసుకెళ్లారో మూడో గంటలో ఆవిడ కూర్చుండిపోతారు, అక్కడికి మామూలు టాక్సీ రాదు. ఈ దారికి ఒకవైపు టికెట్ చాలు.

రెండోది ఒర్కాదోస్ రోహోస్ అనే కనుమ, 2,344 మీటర్లు. పై స్టేషన్ నుంచి ఒకవైపు 5 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు, రానుపోను నాలుగైదు గంటలు. మొదటి 3 కిలోమీటర్లు ల వ్వెల్తోనా అనే పెద్ద మలుపు దాకా గని బాటే, ఆ పైన రాళ్ల కాలిబాట. శిఖరం కింద కబాన్యా వెరోనికా అనే వెండి రంగు డోమ్ కనిపిస్తుంది. అమెరికా విమానవాహక నౌక పలావ్‌ను తుక్కు చేసినప్పుడు దాని మీది లోహపు గుమ్మటాన్ని ఇక్కడికి తెచ్చి, 1961లో పర్వతారోహకుల ఆశ్రయంగా బిగించారు. లోపల నాలుగైదుగురు పడుకునేంత చోటే ఉంటుంది. కనుమ అంచుకు చేరితే నరాంహో దె బుల్నెస్ కనిపిస్తుంది. 2,519 మీటర్ల ఈ సున్నపురాయి స్తంభాన్ని 1904 ఆగస్టు 5న పేద్రో పిదాల్, గ్రెగోరియో పేరెస్ తొలిసారి ఎక్కారు. పిదాల్ దొరల ఇంటివాడు, పేరెస్ కయీన్ ఊరి పశుల కాపరి. జాతీయ పార్కు రావడానికి పట్టుబట్టి పనిచేసింది ఆ పిదాలే. ఆ కనుమ అవతలికి ఇనప తాళ్లు పట్టుకుని దిగే దారి ఉంది, అటు దిగకండి. తిరిగి ఎక్కాల్సి వస్తుందన్న సంగతి దిగేవాళ్లకు ఆలస్యంగా గుర్తొస్తుంది.

ఈ రెండో దారిలో జరిగే పొరపాట్లు మూడే. ఒకటి నీళ్లు. బెలూం గుహలు చూసినవాళ్లకు తెలుసు, సున్నపురాయి నీటిని పైన నిలవనివ్వదు, పగుళ్లలోంచి లోపలికి లాగేసుకుంటుంది. ఇక్కడ వెయ్యి మీటర్లకు పైగా లోతున్న గుహలు ఉన్నాయి గానీ పైన బాట పక్కన ఊట దొరకదు. మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లండి. రెండోది మబ్బు. దారి పొడవునా చిన్న రాళ్ల కుప్పలు గుర్తులుగా పెట్టి ఉంటాయి. నిలబడిన కుప్ప నుంచి తర్వాతి కుప్ప కనపడకపోతే వెంటనే వెనక్కు తిరగండి, "ఇంకాస్త చూద్దాం" అనొద్దు. ఇక్కడి నేల గిన్నెల్లాంటి గుంతలతో నిండి ఉంటుంది. మబ్బులో అన్ని గుంతలూ ఒకేలా కనపడతాయి, దారి తప్పినవాళ్లు దిగువకు వెళ్తున్నామనుకుని గుంత అడుక్కు చేరతారు. బాట జీపీఎస్ ట్రాక్‌ను పోతెస్‌లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. మూడోది మంచు. ల వ్వెల్తోనా తర్వాతి వాలుల మీద గట్టి మంచు మే, జూన్ దాకా ఉంటుంది. సెప్టెంబరు చివర మామూలుగా ఉండదు గానీ, బులెటిన్‌లో సున్నా డిగ్రీల ఎత్తు 2,300 కిందికి పడిందంటే ఆ రోజు ఆలివా వైపే వెళ్లండి.

ప్రమాదం జరిగితే 112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఆ కాల్ వెళ్తుంది. రక్షణకు హెలికాప్టర్ వస్తుంది కానీ మబ్బులో అది ఎగరదు. అప్పుడు మనుషులు నడిచి రావాలి, గంటలు పడుతుంది. పలచటి వెండి రంగు దుప్పటి ఒకటి, హెడ్‌లైట్ ఒకటి సంచిలో వేసుకోండి. అత్తమామల ప్రయాణ బీమాలో పర్వత రక్షణ ఖర్చు వస్తుందో లేదో పాలసీలో చదివి చూసుకోండి.

పచ్చికల్లో మందల దగ్గర మాస్తిన్ అనే భారీ కాపలా కుక్కలు ఉంటాయి. తోడేళ్ల నుంచి మందను కాయడం వాటి పని. మందలోంచి నడవకుండా దూరంగా చుట్టి వెళ్లండి, పరుగెత్తొద్దు, చేయి చాపొద్దు, మెల్లగా నడిస్తే అవి మొరిగి ఊరుకుంటాయి. మీరు వెళ్లే రోజుల్లో ఎర్రజింకల జత కట్టే కాలం నడుస్తుంటుంది. పొద్దుగూకే వేళ ఎస్పినామా ఊరి పరిసరాల్లో కారు ఆపి, ఇంజన్ ఆపి, అద్దాలు దించితే అడవిలోంచి మగ జింకల గర్జన వినపడొచ్చు. పెద్దవాళ్లకు నడక అక్కర్లేని అనుభవం ఇది.

ఇక మబ్బు రోజు. నా దృష్టిలో లియేబానాలో అన్నిటికంటే విలువైన కట్టడం లెబేన్యా ఊరి సాంతా మరియా చర్చి. పోతెస్ నుంచి 8 కిలోమీటర్లు. పదో శతాబ్దంలో, 925 ప్రాంతంలో, అల్ఫోన్సో అనే కౌంట్, ఆయన భార్య హుస్తా కట్టించారు. దక్షిణాన ముస్లిం పాలనలో బతికిన క్రైస్తవుల నిర్మాణ పద్ధతి ఉత్తరాదికి చేరినప్పుడు వచ్చిన శైలి ఇది, మొజారబిక్ అంటారు. లోపలికి అడుగుపెట్టగానే గుర్రపునాడా ఆకారపు కమానులు కనిపిస్తాయి. చిన్న గుడి, కానీ గదులన్నీ వేర్వేరు ఎత్తుల్లో ఉండటంతో లోపల ఉన్నదానికంటే పెద్దగా తోస్తుంది. తొందరపడకుండా రెండు చోట్ల ఆగండి. ఒకటి బలిపీఠం ముందు నిలబెట్టిన పలక. చాలాకాలం ఇది బోర్లా పడి నేలపరుపులో కలిసిపోయి ఉంది. తిప్పి చూస్తే దాని మీద చక్రాలు, పూరేకుల వలయాలు చెక్కి ఉన్నాయి. మూలన ఎర్రరంగుతో గీసిన చిన్న మనిషి బొమ్మ ఉంటుంది, చూపించేదాకా కంటికి ఆనదు, కాబట్టి టికెట్ ఇచ్చేవారినే చూపించమని అడగండి. రెండోది బయట చూరు కింద. కప్పును మోసే రాతి బ్రాకెట్లు చుట్టలు చుట్టి ఉంటాయి, వాటి పక్కల మీద చక్రాల చెక్కడం కనిపిస్తుంది.

చర్చి పక్కన ఒక ఆలివ్ చెట్టు, ఒక యూ చెట్టు ఉండేవి. ఉత్తరాది భర్తకు గుర్తుగా యూ, దక్షిణాది భార్యకు గుర్తుగా ఆలివ్ నాటారని ఊళ్లో చెబుతారు. పాత యూ చెట్టు 2007లో గాలివానకు కూలింది, దాని కొమ్మ నుంచి పెంచిన మొక్కను మళ్లీ అక్కడే నాటారు. ఇంకో కథ కూడా ఉంది. ఈ దంపతులు తమ కొత్త చర్చికి దగ్గర్లోని మఠంలో ఉన్న సాంతో తొరిబియో అనే సాధువు అవశేషాలను తేవాలని సమాధి తవ్వబోతే కళ్లు పోయాయట, ఆస్తి ఆ మఠానికి రాసిచ్చాక చూపు తిరిగొచ్చిందట. ఈ కథ తెలుసుకుని ఆ మఠానికి వెళ్తే రెండు చోట్ల మధ్య ముడి అర్థమవుతుంది.

సాంతో తొరిబియో మఠం పోతెస్‌కు 3 కిలోమీటర్లు. క్రీస్తు శిలువలో అతిపెద్ద ముక్కగా క్రైస్తవులు భావించే కొయ్య ఇక్కడ ఉంది. నిలువు కొయ్య 635 మిల్లీమీటర్లు, అడ్డం 393. దాన్ని బంగారు పూత వెండి శిలువలో పొదిగారు, కింద ఒకచోట కొయ్య తాకేలా వదిలారు. 1958లో పరీక్షించి అది మధ్యధరా సైప్రస్ కలప అని తేల్చారు. ఏప్రిల్ 16 ఆదివారం పడిన సంవత్సరం ఇక్కడ జూబిలీ. మన పుష్కరాల్లా పన్నెండేళ్ల లెక్క కాదు, వారం కలవాలి, కాబట్టి అది ఐదేళ్లకో ఆరేళ్లకో పదకొండేళ్లకో వస్తుంది. 2006, 2017, 2023 అయ్యాయి, తర్వాతిది 2028. క్షమాద్వారం అనే పక్క తలుపు ఆ సంవత్సరమే తెరుస్తారు, మీరు వెళ్లేసరికి మూసే ఉంటుంది, దాని ముందు వెతుక్కోకుండా మామూలు తలుపులోంచి వెళ్లండి. ఎనిమిదో శతాబ్దంలో ఇక్కడే బెయాతో అనే సన్యాసి 776 నుంచి బైబిల్‌లోని ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. దాని రంగుల ప్రతులు మధ్యయుగ స్పెయిన్ చిత్రకళకే గర్వకారణం. మఠంలో ఉన్నవి నకలు చిత్రాలే. పోతెస్ ఊరి మధ్య ఉన్న ఇన్ఫంతాదో బురుజులో కూడా దీని మీదే ప్రదర్శన ఉంది. రెండూ చూసే ఓపిక లేకపోతే బురుజు చాలు, పైకప్పు నుంచి రెండు నదుల కలయిక కూడా కనిపిస్తుంది. మఠం నుంచి 500 మీటర్ల చదును దారిలో సాన్ మిగేల్ అనే చిన్న గుడి ఉంది, మబ్బు విడిచిన సాయంత్రం అక్కడి బెంచీ మీద కూర్చుంటే కొండలన్నీ ఎదురుగా ఉంటాయి.

ఇంకా సమయముంటే పియాస్కా. 1172 నాటి శాసనమున్న, రోమనెస్క్ అనే మధ్యయుగ శైలి చర్చి, మంచి చెక్కడాలు గుమ్మం మీదే ఉంటాయి కాబట్టి తలుపు మూసున్నా నష్టం లేదు. ఫ్వెంతె దే నుంచి వచ్చేటప్పుడు మొగ్రొవెహో ఊరికి పక్కదారి పట్టండి, రాతి ఇళ్లు, మధ్యయుగపు బురుజు, వెనక కొండ. కారు ఊరి బయట పెట్టాలి. చిన్న చర్చిలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా, చాలావరకు సోమవారాలు మూసి ఉంటాయి. సోమవారం పోతెస్‌లో సంత, ఆ పొద్దున ఊళ్లోనే గడపండి.

కారెస్ గండి సంగతి. పోన్సెబోస్ నుంచి కయీన్‌కు ఒకవైపు 12 కిలోమీటర్లు. 1916 నుంచి 1921 మధ్య జలవిద్యుత్ కేంద్రం కోసం కొండ గోడలో కాలువ తవ్వారు, దాని మరమ్మతులకోసం 1945 నుంచి 1950 దాకా ఈ బాట తొలిచారు. సుమారు మీటరున్నర వెడల్పు, పక్కన రెయిలింగ్ లేదు, కింద నది. అవతల కయీన్‌లో బస్సు దొరుకుతుందిలే అనుకోకండి, కారు దగ్గరికి మళ్లీ నడిచే రావాలి. పోతెస్ నుంచి గంటంబావు ప్రయాణం. బాట లోతట్టులో ఉంటుంది కాబట్టి కొండ మీద మబ్బున్నా ఇక్కడ నడవొచ్చు. కానీ పెద్ద వాన పడిన మరుసటి రోజు వద్దు, పైనుంచి రాళ్లు జారతాయి, మేకలు కూడా దొర్లిస్తాయి. మీరిద్దరే వెళ్తే పొద్దున ఎనిమిదికల్లా మొదలుపెట్టి, మొదటి రెండున్నర కిలోమీటర్ల ఎక్కుడు దాటి, ఇంకో గంటన్నర చదునులో నడిచి వెనక్కు రండి. గండి గొప్పతనమంతా అంతలో తెలుస్తుంది.

తిండి గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఇక్కడి పేరున్న వంటకం కొసీదో లెబనియేగో. అందులో లియేబానా చిన్న శనగలు ఉంటాయి గానీ ఉడికేది మాంసంతోనే, మాంసం పక్కన పెట్టినా రసం మాంసానిదే. "మాంసం లేదు" అని తెచ్చిన బీన్స్ మీద హమోన్ (ఉప్పుపెట్టి ఎండబెట్టిన పంది మాంసం) ముక్కలు, సలాడ్ మీద ట్యూనా ఉండటం మామూలు, అక్కడివాళ్లకు కార్నె అంటే మాంసపు ముక్క అనే అర్థం. అందుకే విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నె (మాంసం లేకుండా), సిన్ హమోన్, సిన్ అతున్ (ట్యూనా లేకుండా), సిన్ వేవో (గుడ్డు లేకుండా), సిన్ కాల్దో (మాంసపు రసం లేకుండా). శాకాహారమని చూపించే తొర్తియాలో గుడ్డే ప్రధానం. ఇన్ని షరతులతో రోజూ హోటల్‌లో తినడం అత్తయ్యగారికి కష్టం. కాబట్టి గది కాకుండా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, చిన్న కుక్కర్, కందిపప్పు, పోపు డబ్బా ఇంటి నుంచి తెచ్చుకోండి. స్టవ్ ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, ముందే అడగండి. సూపర్ మార్కెట్‌లో అరోస్ రెదోందో అంటే పొట్టి బియ్యం, ముద్దవుతుంది, బాస్మతి గాని లార్గో అని రాసింది గాని తీసుకోండి. పెరుగు కొనేటప్పుడు నతురాల్ పక్కన అసుకరాదో అని ఉంటే చక్కెర కలిపారని అర్థం. మజ్జిగ చేసి తాలింపు పెట్టాక తెలిస్తే లాభం లేదు.

హోటళ్లలో వంట మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత. నడుమ కాఫీ, బిస్కెట్లే. కొండ దిగి నాలుగింటికి ఆకలితో వచ్చే రోజున పులిహోర డబ్బా కారులో ఉంటే ఎంతో నయం. కొండ మీద దొరికే మూలికతో చేసే తే దె పువెర్తో అనే టీ మాత్రం అత్తమామలకు తప్పక తాగించండి, చలికి హాయిగా ఉంటుంది.

కారుకు సంబంధించి: ఇక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల కారు, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పి పెట్టుకోండి. ఇండియా లైసెన్స్ మీద నడిపితే అంతర్జాతీయ పర్మిట్ కూడా కావాలి. బిల్బావో నుంచి సుమారు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. చివరి ముప్పావు గంట ఎర్మీదా గండిలోంచి వస్తుంది. దేవా నది పక్కన 21 కిలోమీటర్లు, ఇరువైపులా వందల మీటర్ల రాతి గోడలు, బస్సులు ఎదురొస్తాయి, వాన తర్వాత రోడ్డు మీద రాళ్లుంటాయి. దాన్ని పగటివేళ దాటేలా విమానం చూసుకోండి. ఆ రోడ్డు మీద ఫొటో కోసం అంచున ఆపకండి. ఫొటో కావాలంటే తిరుగు ప్రయాణం రోజున పైనున్న సాంతా కతలీనా మిరదోర్ అనే వ్యూపాయింట్‌కు ఎక్కండి, గండి మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుంది. గండి మధ్యలో ల ఎర్మీదా ఊళ్లో 60 డిగ్రీల వేడినీటి ఊట, దాని మీద స్నానశాల ఉన్నాయి. మోకాళ్లకు అత్తయ్యగారికి బాగుంటుంది, ఈత దుస్తులూ ఈత టోపీ లేకుండా నీళ్లలోకి రానివ్వరు, బయల్దేరేముందే కొనిపెట్టండి.

గండి దాటాక ఉంకేరాలో హైవే ఎక్కే ముందు కొర్బాతాస్ అనే టై ఆకారపు పఫ్ స్వీటు అమ్ముతారు. మీరు ఇంటికి కొనుక్కోండి గానీ, పైపూతలో గుడ్డు తెల్లసొన ఉంటుంది, అత్తయ్యగారికి పెట్టకండి.